చెకింగమ్మ ఎందుకిచ్చింది

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు మా ఆయన పోయాక, అరవై ఒకటో ఏట వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట పూర్తిగా వినవు. ఒక పేజీ నింపడానికి నాకు రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే సరిచేసుకుని చదవండి. కథ మాత్రం తిన్నగానే చెబుతాను.

ఒకే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు ఉండేవారు. కింది వాటాలో పెద్దామె, పై వాటాలో చిన్నామె. చిన్నామెకు చొక్కాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. కుట్టే పని కాదు, కుట్టినదాంట్లో తప్పు పట్టే పని. చొక్కాను బల్ల మీద పరిచి, కాలరు దగ్గర్నుంచి కింది అంచు దాకా రెండు చేతులతో తడిమి, కుట్టు వదులైన చోట బాణం బొమ్మ ఉన్న ఎర్ర స్టిక్కరు అంటించి వెనక్కి పంపాలి. రోజుకు నాలుగు వందల చొక్కాలు. పద్దెనిమిదేళ్లు ఆ పని చేసేసరికి ఆమె చూపే అలా అయిపోయింది. ఎవరింటికి వెళ్లినా మనుషులకన్నా ముందు కర్టెన్ల ఎగుడుదిగుడు కనిపించేది. అందరూ ఆమెను చెకింగమ్మ అనేవారు. మొదట వెనకాల అనేవారు, తర్వాత ఎదురుగానే అన్నారు.

ఆ ఉద్యోగం పెట్టించింది పెద్దామె. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అప్పట్లో పెద్దామె అదే ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. చిన్నామె భర్త బస్సు డ్రైవరు. అతను కాలు విరిగి ఆరునెలలు మంచం ఎక్కినప్పుడు, పెద్దామె సూపర్‌వైజరుతో మాట్లాడి మరిదిగారి భార్యను పనిలో పెట్టించింది. చేరిన వారం తిరక్కుండానే చిన్నామె తన తోడికోడలు కుట్టిన పన్నెండు కాలర్లకు పన్నెండు స్టిక్కర్లు అంటించి, కుట్టుమిషన్ల వరసంతా చూస్తుండగా వెనక్కి పంపింది. పని పనే కదా అని చిన్నామె వాదన. అన్నం పెట్టిన చేతికే స్టిక్కరు అంటించిందని పెద్దామె వాదన.

పెద్దామె పదేళ్ల కిందట పని మానేసింది. ఆ మాట మాత్రం మానలేదు. చిన్నామె కొత్త చెప్పులు కొన్నా, కూతురికి కాలేజీలో సీటు వచ్చినా, కిందనుంచి ఒకటే పలకరింపు.

"బాగుందే. ఆరోజు నేను నోరు విప్పకపోతే ఇవన్నీ ఎక్కడివి."

నవ్వుతూనే అనేది. నవ్వుతూ అన్నదానికి జవాబు చెబితే చెప్పినవాళ్లే గయ్యాళి అవుతారు. అందుకని చిన్నామె పళ్లు బిగించుకుని మెట్లెక్కేది. పద్దెనిమిదేళ్ల దెప్పిపొడుపు ఆ మెట్ల మీద పేరుకుపోయింది.

అలాంటి పెద్దామెకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లి, చేతికి గొట్టాలు పెట్టించుకుని, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. ఏడాది గడిచేసరికి చేతి నరాలు సూదికి నిలవడం మానేశాయి. డాక్టరు ఇంటిల్లిపాదినీ పిలిచి ఉన్నమాట చెప్పాడు. మిషనుతో ఇంకెంతో కాలం నెట్టుకురాలేం, ఎవరైనా కిడ్నీ ఇస్తేనే మనిషి దక్కుతుంది. ఈమెది ‘ఓ’ గ్రూపు రక్తం, కాబట్టి ఇచ్చేవాళ్లది కూడా ‘ఓ’ గ్రూపే కావాలి.

ఆ ఆదివారం కింది వాటా ముందుగదిలో అందరూ చేరారు. పెద్దామెకు పిల్లలు లేరు. భర్తకు షుగరు, పనికిరాడు. మరిదిది వేరే గ్రూపు. అందరి చూపూ పెద్దామె తమ్ముడి మీదికి పోయింది. అతనికి చెప్పుల షాపు ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, దిట్టంగా ఉంటాడు, అక్కది ఏ గ్రూపో అతనిదీ అదే. అతను లేచి వచ్చి అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఒకటి కాదక్కా, రెండూ తీసుకో. నువ్వు లేకపోతే నాకెందుకివి."

గదిలో ఉన్నవాళ్లందరి ముక్కులూ ఎర్రబడ్డాయి. పెద్దామె తమ్ముడి తల నిమురుతూ, నిమురుతూనే, తలుపు దగ్గర నిలబడ్డ చిన్నామె వైపు చూసింది. అదీ ప్రేమంటే, నేర్చుకో అన్నట్టు ఉంది ఆ చూపు.

చిన్నామెకు ఒళ్లు మండింది. మంటలో ఉండగానే ఒక తెలివైన ఆలోచన తట్టింది. ఆమె ఫ్యాక్టరీ కార్డు మీద రక్తం గ్రూపు బి అని స్పష్టంగా అచ్చేసి ఉంది. ఎన్ని పరీక్షలు చేసినా తనది సరిపడదు. ఇస్తానన్న పేరు మాత్రం శాశ్వతంగా ఉండిపోతుంది.

"నేనూ ఇస్తానక్కా. నాది కూడా పరీక్ష చేయించండి," అంది.

పెద్దామె నోరు తెరిచి ఏమీ అనలేకపోవడం చిన్నామె చూడటం అదే మొదటిసారి. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టింది.

నాలుగు రోజులు తిరిగాక ఆస్పత్రి వాళ్లు ఆమెను పిలిచి, ఆమెదీ ‘ఓ’ గ్రూపే, పైగా మిగతా పరీక్షల్లో కూడా చక్కగా కలిసిందని చెప్పారు. ఆమె కార్డు తీసి చూపించింది. రక్తం తీసినతను దాన్ని చూసి నవ్వాడు.

"ఈ ఫ్యాక్టరీ నుంచి ఎవరొచ్చినా బి అనే ఉంటుందమ్మా. మీ ఆఫీసులో కార్డులు రాసినాయన అందర్నీ సూదితో పొడవడం ఎందుకని మొదటి కార్డులో ఉన్నదే అన్నింట్లోనూ దింపేశాడు. ఆ మొదటి కార్డు ఆయనదేనట."

చిన్నామె అక్కడే ఉన్న బల్ల మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఇంట్లో కూరగాయలు తరుగుతూ వేలు తెగితేనే కళ్లు తిరిగే మనిషి ఆమె. అబ్బే, ఉత్తినే అన్నాను అని ఇప్పుడు ఎవరితో చెప్పడం? ఫ్యాక్టరీలో అప్పటికే మేనేజరు నోటీసు బోర్డు మీద ఆమె ఫొటో పెట్టించాడు. స్టిక్కర్లు తిన్న కుట్టుమిషను ఆడవాళ్లంతా వచ్చి, నీది ఇంత వెన్నలాంటి మనసనుకోలేదు అని కౌగిలించుకుని పోతున్నారు. ఎవరు కౌగిలించుకున్నా ఆమెకు నడుము దగ్గరే తగులుతున్నట్టుండేది.

ఆమెకు మిగిలిన ఒక్క ఆశ చెప్పుల షాపాయన. ఇద్దరూ సరిపోతే సొంత తమ్ముడినే తీసుకుంటారు కదా. ఆ ఆశ తర్వాతి బుధవారం అడుగంటింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ ఆస్పత్రి కాగితం పట్టుకుని ఇంటికొచ్చి అందరికీ చూపించాడు. వైద్యపరమైన కారణాల వల్ల దానానికి అనుకూలం కాదు అని ఒకే ఒక్క వాక్యం.

"ఏం కారణమో చెప్పనే లేదు. ఎంత బతిమాలినా వినలేదు," అన్నాడు.

కాగితం చేతులు మారి చిన్నామె దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె అంచు నుంచి అంచు దాకా చదివింది. తప్పేమీ కనబడలేదు.

ఇక మిగిలింది మాటల డాక్టరమ్మ. ఆ ఆస్పత్రిలో కిడ్నీ ఇచ్చేవాళ్లు ఎవరైనా సరే, చివరగా ఈవిడ గదిలోకి ఒంటరిగా వెళ్లాలి. సూదీ మందూ ఏమీ ఉండవు, ఊరికే మాట్లాడుతుంది. అందుకని రోగుల బంధువులు ఆమెకు ఆ పేరు పెట్టారు. ఇష్టంతో ఇస్తున్నారా, ఎవరైనా ఒత్తిడి చేశారా, ఆశ చూపించారా అని తేల్చడం ఆమె పని. ఆమె సరే అని రాస్తే తప్ప కత్తి కదలదు.

"ఎందుకు ఇవ్వాలనుకుంటున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

చిన్నామె మెట్ల మీద నేర్చుకుని వచ్చిన జవాబు అప్పజెప్పింది. "తోడికోడలంటే అక్క లాంటిదే కదండీ."

డాక్టరమ్మ పెన్ను కదల్లేదు. "ఇంకా?"

"సాటి మనిషి ప్రాణం కన్నా ఏముంది చెప్పండి."

పెన్ను అలాగే ఉంది. ఆమె కోప్పడలేదు, తొందరపెట్టలేదు. గోడ గడియారం వైపు కూడా చూడలేదు. చిన్నామెకు ఆ పద్ధతి తెలుసు. తప్పు ఎక్కడుందో తెలిసిన మనిషి చొక్కాను అలాగే పరిచి ఊరుకుంటుంది. కుట్టిన మనిషే చివరికి నోరు విప్పుతుంది.

"నాకు ఆవిడే ఉద్యోగం పెట్టించిందండీ. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట అంటూనే ఉంది. కిడ్నీ ఇచ్చాననుకోండి, ఇంక అనలేదు కదా."

పెన్ను కదిలింది. "అంటే ఆవిడ నోరు మూయించడానికి ఇస్తున్నారు."

"అలా అంటే బాగోదండీ."

"ఎలా అంటే బాగుంటుంది?"

చిన్నామె కాసేపు వెతికింది. "బాగా అనడానికి ఏమీ లేదండీ. అసలు నాది కలవదనే ఇస్తానన్నాను."

"భయంగా ఉందా?"

"మీ బల్ల మీద ఆ కాగితాలు కోసే కత్తి ఉంది చూడండి, దాన్ని కూడా చూడలేకపోతున్నాను."

డాక్టరమ్మ ఆ కత్తి తీసి సొరుగులో పెట్టేసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి. ఇందులో తప్పేమీ లేదు. ఇష్టం లేని వాళ్ల దగ్గర మేం తీసుకోం. ఇష్టం లేదని ఇంట్లో చెప్పుకోలేని వాళ్లను ఇరికించం కూడా. ఒక కాగితం రాసిస్తాం. వైద్యపరమైన కారణాల వల్ల దానానికి అనుకూలం కాదు అని ఉంటుంది, అంతే. ఏ కారణమో ఎవరు అడిగినా చెప్పం."

చిన్నామె తల ఎత్తింది. ఆ వాక్యం ఆమె చదివిందే. ఒక్క మాట అటూ ఇటూ లేదు.

"అదే మాట మా అక్క తమ్ముడికి కూడా..."

"ఇంకొకరి సంగతి నేను మాట్లాడకూడదు," అంది డాక్టరమ్మ. ఆమె మొహంలో ఏమీ లేదు. ఏమీ లేకుండా ఉంచుకోవడం ఆమెకు అలవాటని చిన్నామెకు అర్థమైంది.

రెండూ తీసుకోమన్నవాడు ఒకటి కూడా ఇవ్వలేదన్నమాట. చిన్నామెకు భయం మధ్యలోంచి ఒక ఆనందం తన్నుకొచ్చింది. ఇంత పెద్ద తప్పు ఆమె బల్ల మీదికి పద్దెనిమిదేళ్లలో రాలేదు. ఈ సంగతి పెద్దామె చెవిన వేస్తే చాలు, ఆ చూపు మళ్లీ చూడదు. కానీ అందులో ఒక ఇబ్బంది ఉంది. తనూ అదే కాగితం తీసుకుని ఇంటికి వెళ్తే, ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెడితే ఒకే చొక్కాకు రెండు చేతుల్లా ఉంటాయి. అతన్ని వేలెత్తి చూపాలంటే తన చేతిలో ఆ వాక్యం ఉండకూడదు.

"ఆ కాగితం నాకు వద్దండీ. ఇస్తాను."

"ఎందుకు?"

"ఆ కాగితం వద్దు కాబట్టి."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇదీ మంచి కారణం కాదమ్మా."

"నాకు మంచి కారణం దొరికేదాకా ఆవిడ ఆగుతుందా అండీ?"

డాక్టరమ్మ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. వారం రోజులు ఆలోచించుకుని మళ్లీ రమ్మంది. వారం తర్వాత చిన్నామె మళ్లీ వెళ్లి మళ్లీ అవే కారణాలు చెప్పింది, ఒక్కటీ మెరుగుపడలేదు. డాక్టరమ్మ ఆమె చేత ఆపరేషను గురించి మొత్తం తిరిగి చెప్పించుకుని, ఎవరి బలవంతమూ లేదు, అన్నీ తెలిసే ఒప్పుకుంటోంది అని రాసింది. ఎందుకిస్తోంది అన్న చోట ఏం రాసిందో నాకు తెలియదు.

అంతా అయిందనుకుంటే పెద్దామె అడ్డం తిరిగింది. చిన్నామె వెళ్లేసరికి మిషను పక్కన మంచం మీద పడుకుని ఉంది. మొహం ఉబ్బి, పెదాలు ఎండిపోయి, చెయ్యి కదపకుండా చాచి పెట్టుకుంది.

"నాకు వద్దు. నీ సామాను నా ఒంట్లో పెట్టుకుని రోజూ నీ మొహం చూడమంటావా. దానికన్నా ఈ మిషనే నయం, ఇది నోరెత్తదు."

"మిషను ఇంకెన్నాళ్లు లాగుతుందో డాక్టరు చెప్పాడుగా."

"చెబితే చెప్పాడు. మా తమ్ముడు రెండూ ఇస్తానన్నాడు. నువ్వు ఒకటేనా?"

"రెండోది నాకు కావాలి."

పెద్దామె తల తిప్పి ఆమెను నిదానంగా చూసింది. "నిజం చెప్పవే. ఎందుకిస్తున్నావు?"

"నీ నోరు మూయించడానికి."

పెద్దామె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక చెయ్యి ముడిచింది, గొట్టం నొక్కుకుని మిషను కుయ్యోమని అరిచింది. నర్సు పరిగెత్తుకొచ్చి చెయ్యి సరిచేసి, ఇద్దర్నీ చీవాట్లు పెట్టి వెళ్లింది.

"ఏడాదిగా ఎవరొచ్చినా కళ్లనీళ్లు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంటారు. వాళ్లు వెళ్లాక చూస్తే పట్టుకోవడానికి ఒక్క చెయ్యీ మిగలదు," అంది పెద్దామె. "నువ్వు ప్రేమతో ఇస్తానంటే నాకు భయమేసేది. నీ కుళ్లు మాత్రం నాకు బాగా తెలుసు. అది మాట తప్పదు."

"నా కుళ్లు నీకన్నా ఎక్కువా. ఒక ఉద్యోగం పెట్టించి పద్దెనిమిదేళ్లు..."

"ఆ ఉద్యోగం సంగతి నీకు తెలియదు. అప్పట్లో కొత్త మనిషిని తెచ్చినవాళ్లకు కిటికీ పక్క మిషను ఇచ్చేవాళ్లు. నాకు ఉక్క పడేది కాదు. నీ మీద ప్రేమనుకున్నావా?"

చిన్నామె మంచం మీదికి వంగింది. "కిటికీ కోసమా?"

"గాలి బాగా వచ్చేదే," అంది పెద్దామె కళ్లు మూసుకుని.

ఆ గాలితోనే చిన్నామె ఇంట్లో ఆరునెలలు పొయ్యి వెలిగింది, ఆ గాలితోనే కూతురు కాలేజీకి వెళ్లింది. చిన్నామెకు కోపం తెచ్చుకోవాలని ఉంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"సరే, తీసుకుంటాను. ఒక ఒప్పందం. ఉద్యోగం మాట నేనెత్తను, కిడ్నీ మాట నువ్వెత్తకు."

"అయితే నాకేం మిగిలింది?"

"ఒకటి మిగులుతుందిగా."

చిన్నామె ఒప్పుకుంది. తమ్ముడి కాగితం మాట ఒప్పందంలో లేదు కాబట్టి ఒప్పుకుంది. ఆపరేషను గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మత్తు ఎక్కేదాకా ఆ కాగితాన్నే తలుచుకుని ధైర్యం తెచ్చుకుంది.

ఆపరేషను బాగా జరిగింది. చిన్నామె కిడ్నీ పెద్దామె ఒంట్లో ఏ పేచీ పెట్టకుండా పని మొదలుపెట్టింది. అది మాత్రం వాళ్లిద్దరిలా లేదని డ్రైవరాయన అన్నాడు. ఆరో రోజున చిన్నామె గోడ పట్టుకుని పెద్దామె గదికి నడిచి వెళ్తుంటే, వరండాలో చెప్పుల షాపాయన పళ్ల సంచితో నిలబడి ఉన్నాడు.

"చెల్లెమ్మా, ఒక్కమాట. మీకూ ఆ డాక్టరమ్మ కాగితం రాసిస్తానందా?"

"అంది అన్నయ్యగారూ."

అతని మొహం తెల్లబడింది. సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అక్క ముందు అన్నప్పుడు నిజంగానే అన్నాను చెల్లెమ్మా. అబద్ధం కాదు. ఆ గది దాకా వెళ్లాక నా వల్ల కాలేదు. కాగితం తీసుకుని మెట్ల మీద వాంతి చేసుకున్నాను. అక్కకు పుట్టింటి వైపు నేను తప్ప ఎవరూ లేరు."

"రండి, లోపలికి పోదాం," అంది చిన్నామె. ఆమెకు ఇంతకాలం ఎదురుచూసిన రోజు వచ్చింది. లోపల ఉన్న డ్రైవరాయన ఆమె మోచెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. కుట్లు లాగాయి.

పెద్దామె మొహంలో వాపు దిగిపోయింది. తమ్ముడిని చూడగానే చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమే, ఆ పరీక్షలన్నీ నువ్వూ చేయించుకున్నావుగా. నీకేమైనా తెలుసా? వీడిని చూడు, గుర్రంలా ఉన్నాడు. వీడికి ఏం లోపముందని వద్దన్నారు? నన్ను అడిగితే నాకేమీ చెప్పరు."

మామూలుగా అడిగినట్టే అడిగింది. కానీ పట్టుకున్న చేతి వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. చూపు చిన్నామె నోటి మీద ఉంది. తమ్ముడు పళ్ల సంచిలోకి చూస్తున్నాడు. ఏ చొక్కాకైనా ఒక దారం ఉంటుంది, అది లాగితే మొత్తం విడిపోతుంది. చిన్నామెకు ఆ దారం వేళ్ల మధ్యే ఉంది.

"గుండె కొట్టుకోవడంలో ఏదో చిన్న తేడా ఉందట అక్కా," అంది. "భయపడాల్సిందేమీ లేదట గానీ, మత్తు ఇవ్వకూడదట. ఆయన ఒప్పుకోకుండా డాక్టర్లతో పోట్లాడాడట. నర్సులు చెప్పుకుంటుంటే విన్నాను."

పెద్దామె వేళ్లు సడలాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వెంటనే గొంతు పెరిగింది.

"విన్నావా. అదీ రక్తసంబంధమంటే. నువ్వు నీ కుళ్లు కొద్దీ ఇచ్చావు. వీడు ప్రేమ కొద్దీ డాక్టర్లతో పోట్లాడాడు."

చిన్నామె నోరు తెరిచింది. కుట్లు ఇంకోసారి లాగాయి.

"అవునక్కా," అంది.

తమ్ముడు తల ఎత్తకుండా ఒక పండు ఒలిచి, ముందు చిన్నామెకు ఇచ్చాడు. ముందు నాకివ్వరా, రోగిని నేను అని పెద్దామె కసిరింది.

గదికి తిరిగి వచ్చాక డ్రైవరాయన చిన్నామెను మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఆలోచించి ఆలోచించి అడిగాడు.

"ఆయనకు గుండెలో తేడా ఉందని నర్సులు ఎప్పుడన్నారు? నేను రోజంతా ఇక్కడే ఉన్నానుగా."

చిన్నామె అటు తిరిగి పడుకుంది. ఎందుకు అలా అందో ఆమెకే తెలియలేదు. ఎంత వెతికినా తనకు కలిసొచ్చే కారణం ఒక్కటీ దొరకలేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"నోరు మూసుకుని ఆ దిండు ఇటు జరుపు," అంది.

ఇంతే.

ఆ ఆస్పత్రిలో దుప్పట్లు మార్చే పని చేశాను కాబట్టి నన్ను ఇప్పటికీ దుప్పట్ల పెద్దమ్మ అంటారు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు చిన్న కూతురి దగ్గర, నాలుగో అంతస్తులో, లిఫ్టు పక్క గదిలో ఉంటున్నాను.